అణురహస్యాన్వేషి - ఆచార్య సూరి భగవంతం

కొండాపూర్ పరిసరాలలోని రాతిగుట్ట యుగాలుగా చెక్కుచెదరక నిలిచి ఉంది. చెరువునీరు ఏ పాత్రలో పోస్తే ఆ పాత్ర రూపు దాలుస్తుంది. వీచే గాలికి రూపమూ లేదు, ఎల్లలూ లేవు. పదార్థంలోని కణాలను ఆకర్షణ బలం దగ్గరకు చేరుస్తుంది, ఉష్ణచలనం చెదరగొడుతుంది. ఈ రెండింటిలో దేనిది పైచేయి అన్నదానిని బట్టి ఘన, ద్రవ, వాయు స్థితులు ఏర్పడతాయి. కంటికి కానరాని ఆ బలాలను కాంతితోనూ ధ్వనితోనూ పరీక్షించిన తెలుగు శాస్త్రవేత్త ఆచార్య సూరి భగవంతం.

ఆయన 1909 అక్టోబరు 14న నాటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించారు. హైదరాబాదులోని నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తా చేరి సర్ సి.వి. రామన్ శిష్యులయ్యారు. రామన్ ఫలితం వెలుగు చూసిన సంవత్సరమది. అణువులోని పరమాణువులు నిరంతరం కంపిస్తుంటాయి. అణువుపై పడిన కాంతి ఆ కంపనాలకు కొంత శక్తిని ఇచ్చి గాని, వాటినుండి గ్రహించి గాని రంగు మార్చుకొని వెలువడుతుంది. ఆ మార్పును కొలిస్తే అణువు నిర్మాణం తెలుస్తుంది. 1931లో గురుశిష్యులిరువురూ కాంతికణమైన ఫోటానుకు భ్రమణ లక్షణం ఉన్నదని ప్రయోగపూర్వకంగా నిరూపించారు.

1932లో భగవంతం ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అధ్యాపకులుగా చేరారు. స్ఫటికాలలోని కంపనాలు అసంఖ్యాకాలు. వాటిలో ఏవి రామన్ ఫలితాన్ని ఇస్తాయో ముందుగా చెప్పడమెట్లు? గణితవేత్త టి. వెంకటరాయుడుతో కలిసి, స్ఫటిక సౌష్ఠవానికి సమూహ సిద్ధాంతాన్ని అన్వయించి 1939లో ఆయన సమాధానం చూపారు. భౌతికశాస్త్రమూ గణితమూ చేయి కలిపిన ఫలమది. యుద్ధకారణంగా 1942లో విశ్వవిద్యాలయం విశాఖపట్నం వీడి గుంటూరుకు తరలవలసి వచ్చింది. అయినా పరిశోధన ఆగలేదు.

అతిధ్వనులపై ఆయన సాగించిన కృషి మరొక మైలురాయి. ద్రవంలో ధ్వనివేగమూ సాంద్రతా తెలిస్తే, ఆ ద్రవం అణగడానికి ఎంత నిరోధం చూపుతుందో లెక్కకట్టవచ్చు. దానినుండి అణువుల పరస్పర బలాలను గురించి ఊహించవచ్చు. ద్రవపు పొరలు ఒకదానిపై ఒకటి జారిపోతాయి గనుక అడ్డు తరంగాలు సాధారణంగా అందులో సాగవు. ఘనపదార్థంలో కణాలు తమ స్థానాలను విడువవు గనుక నిలువు, అడ్డు తరంగాలు రెండూ సాగుతాయి. వాటి వేగాలను బట్టి స్ఫటికాల స్థితిస్థాపక స్థిరాంకాలను ఆయన బృందం నిర్ణయించింది.

1952 నుండి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా, 1957 నుండి 1962 వరకు బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకులుగా, 1961 నుండి 1969 వరకు రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా ఆయన సేవలందించారు. పదవులు పెరిగిన కొద్దీ ప్రయోగశాల దూరమవుతుంది. పండితుడు పాలకుడైతే పాండిత్యం మరుగున పడటం లోకంలో కద్దు. భగవంతం విషయంలో అట్లు జరగలేదు. సలహాదారుగా ఉంటూనే 1966లో స్ఫటిక సౌష్ఠవంపై ప్రామాణిక గ్రంథాన్ని వెలువరించారు. 1989 ఫిబ్రవరి 6న కన్నుమూశారు.

రాతిలోని కాఠిన్యానికీ నీటిలోని ప్రవాహానికీ మూలం కణాల నడుమగల అనుబంధమే. గురువుతో, గణితవేత్తతో, శిష్యులతో కలిసి పనిచేసిన భగవంతం జీవితం, విజ్ఞానం కూడా అటువంటి అనుబంధంతోనే వృద్ధి పొందుతుందని చాటుతున్నది.