జకార్తాలో రహీం సాబ్

మన కరీంనగర్, ఆదిలాబాద్ హాస్టళ్లలో కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ ఆడతారు. ఫుట్‌బాల్ తక్కువే. అయినా ఈ వార్షికోత్సవ సంచికలో ఒక ఫుట్‌బాల్ గురువు జీవితం రాయాలనుకున్నాము. ఎందుకంటే ఆట రాక ఓడిన వాళ్లకంటే, ఆట వచ్చి కూడా బెదిరి ఓడిన వాళ్లే మనలో ఎక్కువ. మన గ్రౌండులో నలుగురిని అవుట్ చేసి వచ్చే పిల్లవాడు జోనల్ ఆటలకు పోతాడు. అవతలి వాళ్లు ఈలలు వేయగానే గుండె దడదడలాడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, కూత మధ్యలోనే ఊపిరి అందదు. కాళ్లు అవే, బలం అదే. చూపు మాత్రం ఆట మీద నుంచి జనం మీదికి పోయింది.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పుడు మన రెండు జిల్లాలూ ఆ రాజ్యంలోనివే. ఉస్మానియాలో డిగ్రీ చదివి బడిపంతులయ్యారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పిన మనిషి ఆయన! 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు, భారత జట్టుకు శిక్షణ ఇచ్చారు. పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం వచ్చింది.

మరుసటి ఏడాదే హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడాము. మనవాళ్లలో ఎక్కువమంది బూట్లు లేకుండా ఆడారు. అంత ఓటమి తర్వాత కూడా రహీం గారు కుంగిపోలేదు, పని మార్చారు. బంతిని ఒకడే పట్టుకుని తిప్పకూడదన్న నియమంతో పోటీలు పెట్టారు. బలహీనమైన కాలితోనే తన్నాలని మరికొన్ని పెట్టారు. మా ఉద్దేశంలో భయానికి అసలు మందు ఇదే. ఒళ్లు అలవాటుగా చేసే పనికి మనసు అడ్డురాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి భారత్ నాలుగో స్థానం దాకా వెళ్లింది.

ఇక 1962 జకార్తా. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఇండోనేషియా రానివ్వలేదు. భారత ప్రతినిధి జి.డి. సోంధీ దానికి అభ్యంతరం చెప్పారు. అక్కడి జనం మన మీద మండిపడ్డారు, సెప్టెంబర్ 3న భారత రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. ఆటగాళ్లకు ఏం సంబంధం? అయినా కోపమంతా వాళ్ల మీదే. మరునాడే దక్షిణ కొరియాతో ఫైనల్. అదే జట్టు చేతిలో మొదటి మ్యాచ్‌లో 0-2తో ఓడి ఉన్నారు. థాయిలాండ్ మ్యాచ్‌లో జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ తంగరాజ్ జ్వరం నుంచి అప్పుడే లేచాడు.

రహీం గారు పెద్ద ఉపన్యాసమేమీ ఇవ్వలేదట. రేపు మీ నుంచి నాకు ఒకే కానుక కావాలి, ఆ బంగారు పతకం గెలవండి అన్న భావంతో మాట్లాడారని ఆటగాళ్లు తర్వాత చెప్పుకున్నారు. తలకు కుట్లున్న డిఫెండర్ జర్నైల్‌ను సెమీఫైనల్ నుంచే ముందు వరుసలోకి పంపారు. తంగరాజ్‌ను గోల్‌లో నిలబెట్టారు. దెబ్బ తిన్నవాడికి, జ్వరపడ్డవాడికి దయ చూపించలేదు, బాధ్యత ఇచ్చారు.

మైదానంలో దాదాపు లక్షమంది. మన జాతీయగీతానికే గోల చేశారు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోల్ కొట్టాడు. మూడు నిమిషాలకే జర్నైల్ ఇంకొకటి. కొరియా చివర్లో ఒక్కటే తిప్పికొట్టింది. 2-1తో స్వర్ణం మనది. 1970లో కాంస్యం వచ్చింది గాని, 2023 ఆటల వరకూ ఆసియా ఫుట్‌బాల్ స్వర్ణం మళ్లీ రాలేదు. 2024లో ఆయన మీద హిందీలో మైదాన్ సినిమా వచ్చింది. హైదరాబాద్ వాళ్లకే ఆయన పేరు సినిమా చూశాక తెలియడం మాకు బాధగా అనిపించింది.

పిల్లలకు ధైర్యం చెప్పిన ఆ రోజుల్లో ఆయన ఊపిరితిత్తులకు క్యాన్సర్. జకార్తా నుంచి వచ్చాక తొమ్మిది నెలలే బతికారు. 1963 జూన్ 11న, 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు.