ఫొటో స్టూడియో తాకట్టు పెట్టి సినిమా తెచ్చారు.. రఘుపతి వెంకయ్య కథ తెలుసా?

పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు అనగానే రెండు పేర్లు గుర్తొస్తాయి.. కృష్ణంరాజు, చిరంజీవి. ఈ ఇద్దరికీ ఊరే కాదు, ఒక అవార్డు కూడా కామన్. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014 సంవత్సరానికి కృష్ణంరాజుకు, 2016 సంవత్సరానికి చిరంజీవికి రఘుపతి వెంకయ్య అవార్డు ప్రకటించింది. అవార్డు పేరు అందరం వింటాం. మరి ఆ వెంకయ్య ఎవరు? హీరో కాదు. మద్రాసులో ఫొటోలు తీసుకుని బతికిన మనిషి!

రఘుపతి వెంకయ్య నాయుడు 1869 అక్టోబర్ 15న మచిలీపట్నంలో పుట్టారు. మొగల్తూరు నుంచి అదే తీరం పట్టుకుని కిందకి వెళ్తే వచ్చే బందరే అది. చిన్న వయసులోనే మద్రాసు చేరి, ఫొటోగ్రఫీ నేర్చుకుని, సొంత స్టూడియో పెట్టి నిలదొక్కుకున్నారు.

ఇప్పుడు ఫోన్ తీసి టక్కున నొక్కేస్తున్నాం కానీ, ఆ రోజుల్లో స్టూడియో నడపడం మామూలు పని కాదు. కరెంటు లైట్లు లేవు. స్టూడియో పైకప్పులో అద్దాలు బిగించి, ఎండ నేరుగా పడకుండా తెరలు అటూ ఇటూ లాగుతూ వెలుతురు సర్దుకోవాలి. మబ్బు పట్టిందా.. ఆ పూటకి బేరం పోయినట్టే. కూర్చున్న మనిషి కొన్ని సెకన్లు కదలకూడదు. అందుకే తల వెనక కనపడకుండా ఒక ఇనుప ఆసరా పెట్టేవాళ్లు. పాత ఫొటోల్లో తాతలు అంత బిగుసుకుపోయి ఉంటారే.. కారణం అదే.

ఫొటో తీశాక అసలు పని మొదలు. గాజు పలకని చీకటి గదిలో, ఎర్ర దీపం కింద రసాయనాల్లో ముంచాలి. మద్రాసు ఎండలకు ఆ నీళ్లు వేడెక్కితే పలక మీది జిలటిన్ పొర మెత్తబడిపోయేది. పొర ఊడిందంటే ఫొటో పోయినట్టే, కస్టమర్‌ని మళ్లీ పిలవాల్సిందే. పలక ఆరాక సన్నటి పెన్సిల్‌తో నెగెటివ్ మీదే ముఖం మచ్చలు సరిచేసేవాళ్లు. అంటే ఫిల్టర్లు అప్పుడూ ఉన్నాయి, కాకపోతే చేత్తో! ఆ తర్వాత కాగితాన్ని, పలకని చట్రంలో బిగించి ఎండలో పెడితే బొమ్మ పడేది.

ఇంత కష్టపడి సంపాదించుకున్న స్టూడియోని 1909లో వెంకయ్య తాకట్టు పెట్టేశారు. ఎందుకు? ఒక యంత్రం కోసం. దాని పేరు క్రోనోమెగాఫోన్, గోమాంట్ కంపెనీ తయారీ. ధర 30 వేల రూపాయలు. ఇప్పుడు వింటే ఇంతేనా అనిపిస్తుంది. కానీ అప్పట్లో ఒక బంగారు సవరన్ మారకం 15 రూపాయలు. ఆ లెక్కన 30 వేలంటే 2 వేల సవరన్లు. ఈ రోజు కాసు ధరతో మీరే గుణించుకోండి!

ఇంతకీ ఆ యంత్రం ఏం చేసేది? ఒక పక్క ప్రొజెక్టర్ బొమ్మ వేస్తుంటే, ఇంకో పక్క గ్రామఫోన్ రికార్డు శబ్దం వినిపించేది. రెండూ జత కలిసి తిరగాలి. మధ్యలో ఫిల్మ్ తెగి, నాలుగు ముక్కలు కత్తిరించి అతికిస్తే.. పెదవులు ఒకచోట, మాట ఇంకోచోట! అయినా బొమ్మ కదులుతూ శబ్దం కూడా చేస్తుంటే జనం చూడకుండా ఎలా ఉంటారు?

1910లో మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాల్లో చిన్న చిన్న సినిమాలతో ప్రదర్శనలు ఇచ్చారు. తర్వాత ఎస్ప్లనేడ్ మైదానంలో డేరా వేశారు. అక్కడితో ఆగలేదు. బెంగళూరు, విశాఖపట్నం, బెజవాడ, సిలోన్, రంగూన్.. యంత్రాన్ని మోసుకుని ఊళ్లు తిరిగారు. అప్పు మీద కొన్న సరుకు మరి, ఇంట్లో పెట్టుకుంటే కుదరదు కదా.

అలా వచ్చిన డబ్బుతో మౌంట్ రోడ్ దగ్గర గెయిటీ థియేటర్ కట్టారు. మద్రాసులో ఒక భారతీయుడు సొంతంగా కట్టుకున్న తొలి సినిమా హాలు అదే. ఆ తర్వాత మింట్ స్ట్రీట్‌లో క్రౌన్, పురసవాక్కంలో గ్లోబ్.

ఆడించేవన్నీ విదేశీ బొమ్మలే. మనం తీస్తే? ఆ పని నేర్చుకు రమ్మని కొడుకు ప్రకాష్‌ని విదేశాలకు పంపారు. కొడుకు తిరిగొచ్చాక స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అనే సంస్థ పెట్టి 1921లో మూకీ సినిమా 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. భీష్ముడి వేషం ప్రకాష్‌దే. ఈ సంస్థ స్టూడియోని జనం గ్లాస్ స్టూడియో అని పిలిచేవాళ్లు. ఎండ వెలుతురు కోసం అద్దాలు! తండ్రి ఫొటోల రోజుల పద్ధతే ఇక్కడ సినిమాకు పనికొచ్చింది.

ఆ ప్రకాష్ దగ్గర పని నేర్చుకున్నవాళ్లలో మన కాకినాడ చిత్తజల్లు పుల్లయ్య ఒకరు. సొంతూరికి వెళ్లి అక్కడే 'భక్త మార్కండేయ' మూకీ తీసిన పుల్లయ్యే.. తర్వాత 'లవకుశ'తో తెలుగు జనాన్ని ఊపేశారు.

వెంకయ్యకి మాత్రం చివరిదాకా కలిసిరాలేదు. అప్పులు పెరిగాయి, థియేటర్లు చేజారాయి. 1932లో తొలి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' విడుదలయ్యింది. తెర మీద శబ్దం వినిపించాలని ఆయన ఆస్తి తాకట్టు పెట్టి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. 1941 మార్చి 15న ఆయన కన్నుమూశారు. 'భీష్మ ప్రతిజ్ఞ' చూద్దామంటే ప్రింటు లేదు, గెయిటీని కూడా కూల్చేశారు.

పేరు మాత్రం అవార్డుగా 1980లో తిరిగొచ్చింది. మొదట అందుకున్నది ఎల్.వి.ప్రసాద్. ఇక 2017 నవంబర్‌లో కృష్ణంరాజు, చిరంజీవి పేర్లు ఒకేసారి ప్రకటించారు. ఆ రెండు పేర్ల మధ్య, 2015 సంవత్సరానికి ఎంపికైంది ఎవరనుకున్నారు? మొగల్తూరు పక్కనే ఉన్న పాలకొల్లులో పుట్టిన ఈశ్వర్. ఆయనా హీరో కాదు, వందల సినిమాలకు పోస్టర్లు వేసిన ఆర్టిస్ట్.