జిమ్ కార్బెట్

జిమ్ కార్బెట్ (1875 జూలై 25 - 1955 ఏప్రిల్ 19) భారతదేశంలో పుట్టి పెరిగిన బ్రిటిష్ సంతతి వేటగాడు, రచయిత, వన్యప్రాణి సంరక్షకుడు. ఇతని పూర్తి పేరు ఎడ్వర్డ్ జేమ్స్ కార్బెట్. కుమావూ, గఢ్వాల్ కొండ ప్రాంతాలలో మనుషులను చంపి తినే పులులను, చిరుతపులులను వేటాడి ప్రసిద్ధి పొందాడు. యౌవనంలో రైలు యంత్రాల వంటచెరకు కోసం అడవిని కొట్టించిన ఇతడే తరువాతి కాలంలో అడవిని కాపాడాలని వాదించాడు. దేశంలోని మొదటి జాతీయ వనం నేడు ఇతని పేరుతోనే ఉంది.

బాల్యం

కార్బెట్ నైనిటాల్‌లో జన్మించాడు. తండ్రి క్రిస్టఫర్ విలియం కార్బెట్ ఆ ఊరి పోస్టుమాస్టరు. తల్లి మేరీ జేన్. 1881లో తండ్రి మరణించడంతో పెద్ద కుటుంబాన్ని పోషించే భారం తల్లిపై పడింది. కుటుంబం వేసవిలో నైనిటాల్‌లోను, చలికాలంలో కొండ దిగువన ఉన్న కాలాఢుంగీ గ్రామంలోను నివసించేది. కాలాఢుంగీ చుట్టూ దట్టమైన అడవి ఉండేది. పక్షుల కూతలను, జంతువుల అడుగుజాడలను బట్టి అడవిలో ఏమి జరుగుతున్నదో గ్రహించడం కార్బెట్ అక్కడే నేర్చుకున్నాడు. అన్న టామ్, స్థానిక వేటగాడు కుఁవర్ సింగ్ ఇతనికి తొలి గురువులు. తుపాకి పట్టడంతో పాటు, ప్రమాదం ఎదురైనప్పుడు వేగంగా చెట్టెక్కడం కూడా కుఁవర్ సింగ్ వద్ద నేర్చిన విద్యయే.

కట్టె కొట్టించే ఉద్యోగం

కుటుంబ పరిస్థితుల వల్ల కార్బెట్ యుక్తవయసులోనే చదువు మాని, బెంగాల్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వేలో తాత్కాలిక ఇంధన పర్యవేక్షకుడిగా బీహారులో చేరాడు. అప్పటికి ఆ రైల్వేలో యంత్రాలకు కట్టెలే ఇంధనం. రెండు సంవత్సరాలలో 5 లక్షల ఘనపుటడుగుల కలపను కొట్టించి, 36 అంగుళాల ముక్కలుగా కోయించి, ఎడ్లబండ్లపై రైలు మార్గానికి చేర్పించడం ఇతని బాధ్యత. కూలీలతో పాటు అడవిలోనే గుడారం వేసుకొని ఉండేవాడు.

చెట్లు కూలిన చోట జంతువులు, పక్షులు చెదిరిపోయి, పిల్లలు దిక్కులేనివయ్యేవి. అలా దొరికిన కౌజుపిట్టల పిల్లలను, నెమలి పిల్లలను, కుందేలు పిల్లలను, నాలుగు కొమ్ముల కొండగొర్రె పిల్లలను కార్బెట్ తన గుడారంలో పెట్టి సాకాడు. ఆ గుడారంలోనే ఒక కొండచిలువ కూడా చేరగా దానికి రెక్స్ అని పేరు పెట్టాడు. ఒక ప్రదేశంలో అన్ని చెట్లనూ నరికివేస్తే అక్కడి ప్రాణులన్నిటికీ నిలువ నీడ ఉండదన్న విషయం ఇతనికి ఈ పనిలోనే ప్రత్యక్షంగా అనుభవానికి వచ్చింది. ఒప్పందం ముగిసిన తరువాత లెక్కలలో మిగిలిన సొమ్మును దాచుకోకుండా అప్పగించడం వల్ల అధికారుల నమ్మకాన్ని సంపాదించాడు.

తరువాత గంగానది ఒడ్డున మొకామా ఘాట్‌లో సరకుల మార్పిడి గుత్తేదారుగా సుమారు ఇరవై సంవత్సరాలు పనిచేశాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కుమావూ నుండి 500 మంది కూలీల దళాన్ని సమీకరించి ఫ్రాన్సుకు తీసుకువెళ్ళాడు.

నరభక్షక మృగాల వేట

కుమావూ కొండలలో వంటచెరకు, పశువుల మేత కోసం అడవికి వెళ్ళక తప్పదు. ఈ పని ఎక్కువగా స్త్రీలది. చంపావత్ ఆడపులి ఉదంతం ఇందుకు ఉదాహరణ. ఈ పులి నేపాల్‌లోను, తరువాత కుమావూలోను మొత్తం మీద 436 మందిని చంపిందని కార్బెట్ నమోదు చేశాడు. సరిహద్దుకు రెండు వైపులా పూర్తి రికార్డులు లేవు కనుక ఈ సంఖ్య ఎంతవరకు కచ్చితమన్న చర్చ తరువాతి కాలంలో జరిగింది. పాలీ గ్రామం వద్ద పశువుల కోసం ఓక్ ఆకులు కోసి చెట్టు దిగుతున్న ఒక స్త్రీని ఈ పులి కాలు పట్టి లాగి చంపింది. ఆ తరువాత గ్రామస్థులు ఇళ్ళ తలుపులు మూసుకొని రోజుల తరబడి లోపలే ఉండిపోయారు. పైరు కోయడానికి సైతం ఎవరూ బయటకు రాలేదు. చంపావత్ సమీపంలో కట్టెలు ఏరుకుంటున్న ఒక బాలిక ఈ పులికి చివరి బలి. 1907లో సుమారు 300 మంది గ్రామస్థుల సహాయంతో కార్బెట్ దానిని కాల్చి చంపాడు. పాత తుపాకి దెబ్బ వల్ల దాని కుడివైపు కోరపళ్ళు విరిగి ఉన్నాయి.

1910లో పనార్ చిరుతపులిని వేటాడినప్పుడు కార్బెట్ ఒక ఓక్ చెట్టుపై కూర్చొని, చుట్టూ ముళ్ళకొమ్మలు కట్టించుకున్నాడు. చీకటిలో చిరుత ఆ కొమ్మలనే పట్టి లాగింది. ముళ్ళు అడ్డు లేకపోతే అది నేరుగా ఇతనిపైకే వచ్చేది. రుద్రప్రయాగ చిరుతపులి 1918 నుండి 1926 వరకు 125 మందిని చంపి, కేదారనాథ్, బదరీనాథ్ యాత్రికులను భయపెట్టింది. గులాబ్‌రాయ్ వద్ద యాత్రామార్గం పక్కనున్న మామిడిచెట్టుపై మంచె కట్టుకొని రాత్రుల తరబడి కాపు కాసి, 1926 మే నెలలో దానిని చంపాడు.

1938లో ఠాక్ ఆడపులి సంచరించిన ప్రాంతంలో గుత్తేదారుల కూలీలు పెద్దసంఖ్యలో చెట్లు కొడుతుండేవారు. పులి భయంతో కలప పని ఆగిపోయే పరిస్థితి వచ్చింది. నవంబరు 30న కార్బెట్ మగపులి అరుపును అనుకరించి పిలువగా అది సమీపానికి వచ్చి తూటాకు గురి అయింది. ఇది ఇతడు వేటాడిన చివరి నరభక్షక మృగం.

పులి సహజంగా మనుషులను వేటాడదని, గాయం లేదా ముసలితనం వల్ల మామూలు వేట సాధ్యం కానప్పుడే అలా మారుతుందని కార్బెట్ అభిప్రాయం.

సంరక్షణ కృషి

కార్బెట్ వినోదం కోసం కూడా వేటాడాడు. 1930లో చంపిన పవల్‌గఢ్ పులి నరభక్షకం కాదు. అయితే క్రమంగా తుపాకి కంటె చలనచిత్ర కెమెరాపై మక్కువ పెరిగింది. పాఠశాలలలో వన్యప్రాణుల గురించి ఉపన్యసించేవాడు. ఇతని ప్రోత్సాహంతో 1936లో సుమారు 324 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో హెయిలీ జాతీయ వనం ఏర్పడింది. కాలాఢుంగీ వద్ద ఛోటీ హల్ద్వానీ గ్రామాన్ని కొని రైతులను స్థిరపరచి, అడవిపందుల నుండి పంటల రక్షణకు ఊరి చుట్టూ రాతిగోడ కట్టించాడు. దేశం విడిచి వెళ్ళేటప్పుడు ఆ భూములను సాగుచేసే రైతులకే వదిలివేశాడు.

రచనలు

1944లో వెలువడిన మ్యాన్ ఈటర్స్ ఆఫ్ కుమావూ ఇతనికి ప్రపంచఖ్యాతి తెచ్చింది. మై ఇండియా (1952), జంగిల్ లోర్ (1953), ది టెంపుల్ టైగర్ (1954) ఇతర ముఖ్య రచనలు. మై ఇండియాలో వేట కంటె మొకామా ఘాట్ కూలీల, కుమావూ పేదల జీవితమే ప్రధానం.

చివరి రోజులు

కార్బెట్ వివాహం చేసుకోలేదు. 1947లో సోదరి మ్యాగీతో కలిసి కెన్యాలోని న్యేరి పట్టణానికి వెళ్ళి స్థిరపడ్డాడు. 1952 ఫిబ్రవరిలో రాకుమారి ఎలిజబెత్ చెట్టుపై కట్టిన ట్రీటాప్స్ విడిదిలో బస చేసినప్పుడు ఇతడు వెంట ఉన్నాడు. ఆ సమయంలోనే ఆమె తండ్రి ఆరవ జార్జి మరణించడంతో ఆమె రాణి అయింది. 1955లో కార్బెట్ గుండెపోటుతో మరణించాడు. సమాధి న్యేరిలో ఉంది.

స్మారకాలు

ఇతని మరణానంతరం ఆ జాతీయ వనానికి కార్బెట్ పేరు పెట్టారు. 1973లో పులుల సంరక్షణ పథకం (ప్రాజెక్ట్ టైగర్) అక్కడే ప్రారంభమైంది. నల్లమలలోని నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం కూడా తరువాత ఈ పథకం కిందకు వచ్చింది. ఇండోచైనా పులి ఉపజాతికి 1968లో ఇతని పేరు మీదుగా కార్బెట్టి అన్న శాస్త్రీయ నామం ఇచ్చారు. కాలాఢుంగీలోని ఇతని ఇల్లు మ్యూజియంగా మారింది.