వీరబ్రహ్మం గారికి తెలిసిన రోజు

అహోబిలం మీలో చాలామంది చూసే ఉంటారు. ఎగువ అహోబిలం నుంచి రాళ్లూ వాగులూ దాటుకుంటూ పైకి పోతే ఉక్కు స్తంభం అనే పెద్ద కొండరాయి కనిపిస్తుంది. నరసింహుడు దాన్ని చీల్చుకుని వచ్చాడని చెబుతారు. ఆ కథలో హిరణ్యకశిపుడు తనకు చావు ఎట్లా రాకూడదో ముందే వరం అడిగి పెట్టుకున్నాడు. పగలు రాకూడదు, రాత్రి రాకూడదు. ఇంట్లో రాకూడదు, బయట రాకూడదు. తన రేపు తనకు తెలుసనుకున్నాడు. ఆ ధీమాతోనే కన్నకొడుకును నానా హింసలూ పెట్టాడు.

అది పురాణం. ఆ అహోబిలానికి ఒక పక్క బనగానపల్లె, ఇంకో పక్క కందిమల్లాయపల్లె ఉన్నాయి. ఈ రెండు ఊళ్ల మధ్య బతికిన ఒక మనిషికి కూడా తన రేపు తెలుసని మన పెద్దలు నమ్మారు. ఆయన పోతులూరి వీరబ్రహ్మం గారు. ఆ తెలివితో ఆయన ఎవరినీ హింసించలేదు. అయినా అది ఆయన మీద, ఆయన మనుషుల మీద ఎంత బరువు మోపిందో చూడండి.

ఆయన 1608లో పుట్టి 1693లో సమాధి అయ్యారని సంప్రదాయం చెబుతుంది. దేశం తిరుగుతూ బనగానపల్లె వచ్చి, గరిమిరెడ్డి అచ్చమ్మ గారింట్లో పశువుల కాపరిగా కుదిరారు. ఆవులను రవ్వలకొండ దగ్గర మేతకు వదిలి, గుహలో కూర్చుని తాటాకుల మీద కాలజ్ఞానం రాసేవారట. ఆ తాటాకులను అచ్చమ్మ గారింట్లోనే పాతరవేసి, పైన చింతచెట్టు నాటారని చెబుతారు. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. రాసినాయనే తాను రాసింది భూమిలో ఎందుకు పెట్టారు? తెలిసినదంతా అందరి చేతికీ ఇచ్చేది కాదని ఆయనకు తోచి ఉండాలి.

తర్వాత కందిమల్లాయపల్లె చేరి, వడ్రంగం పని చేసుకుంటూ మామూలు మనిషిలాగా బతికారంటారు. పెదకొమెర్ల గోవిందమ్మను పెళ్లాడారు. పిల్లాపాపలు కలిగారు. ముడుమాలకు చెందిన దూదేకుల ఇంటి బిడ్డ సిద్దయ్య వచ్చి శిష్యుడయ్యాడు. మాదిగ కక్కయ్య వచ్చాడు. కులం పట్టింపు నెత్తికెక్కిన ఆ రోజుల్లో, వీళ్లను దగ్గరికి తీసి కూర్చోబెట్టుకోవడం చిన్న సంగతి కాదు.

ఇక అసలు సంగతికి వద్దాం. వైశాఖ శుద్ధ దశమి నాడు తాను జీవసమాధిలోకి పోవాలని ఆయనకు ముందే తెలుసంటారు. తెలిసినాయనకు ఒక చిక్కు వచ్చి పడింది. ఎవరికి చెప్పాలి? ఎవరికి చెప్పకూడదు?

గోవిందమ్మకు చెప్పారు. తాను పోయినా పసుపు కుంకుమలు తీయవద్దన్నారట. ఆ మాట ఊరట కోసం చెప్పిందే కావచ్చు. కానీ ఆమె వైపు నుంచి చూడండి. మనందరం మనిషి పోయాక ఏడుస్తాం. ఆమె మనిషి ఎదురుగా ఉండగానే, అన్నం వడ్డిస్తూనే ఏడవాల్సి వచ్చింది.

సిద్దయ్యకు చెప్పలేదు. గురువు లేకుండా ఆ పిల్లవాడు తట్టుకోలేడని, పూజకు పూలు తెమ్మని బనగానపల్లెకు పంపారు. అది చాలా దూరం. నమ్మకంగా పోయాడు, పూలతో తిరిగొచ్చాడు. అప్పటికే సమాధి మూసేశారు. సిద్దయ్య దాని మీద పడి ఏడ్చాడు. ఆ ఏడుపు విని గురువే మళ్లీ పలికి, తన దండం, కమండలం, పాదుకలు, ముద్రిక ఇచ్చారని భక్తులు నమ్ముతారు. అంటే, ఆ కడసారి చూపు సిద్దయ్యకు బాకీ ఉండిపోయిందని కథ చెప్పుకున్నవాళ్లకు కూడా అనిపించింది.

చెప్పినామెకు ఒక దుఃఖం, చెప్పనివాడికి ఇంకో దుఃఖం. అంత ప్రేమ ఉన్న గురువు కూడా ఈ రెండూ లేకుండా చేయలేకపోయారు.

మన భగవానుడి జీవితంలోనూ ఇలాంటి సందర్భం ఉంది. మూడు నెలల్లో తన పరినిర్వాణం అని వేసాలి దగ్గర భిక్షువులందరికీ చెప్పేశాడు. ఎవరినీ పూలకు పంపలేదు. అయినా కుసినారాలో ఆనందుడు తలుపు పట్టుకుని ఏడ్చాడు. మూడు నెలల ముందు తెలిసినా దుఃఖం తగ్గలేదు. అప్పుడు భగవానుడు అతన్ని పిలిపించి, ప్రియమైనవాటితో ఎడబాటు తప్పదని గుర్తు చేశాడు. ఇన్నేళ్లు ప్రేమతో సేవ చేశావని అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆనందుడికి అందిన ఓదార్పు ఇదే. రోజు తెలియడంలో ఓదార్పు లేదు. దగ్గరికి పిలిచి మాట్లాడటంలో ఉంది.

అందుకే దీఘ నికాయంలోని బ్రహ్మజాల సుత్తంలో ఆయుష్షు లెక్కలు చెప్పడం, వానలూ గ్రహణాలూ యుద్ధాల ఫలితాలూ చెప్పి బతకడం భిక్షువులకు తగని బతుకుదెరువు అన్నారు. ఈ పని వల్ల ఏం జరుగుతుందో మన ఇళ్లల్లోనే చూస్తున్నాం. మూలా నక్షత్రంలో పుట్టిందని, మామకు కీడని, బంగారంలాంటి పిల్ల సంబంధం తప్పిస్తారు. ఇంకా జరగని దానికి, ఏ తప్పూ చేయని పిల్లకు శిక్ష.

2020లో కరోనా వచ్చినప్పుడు బ్రహ్మం గారు ముందే చెప్పారని ఫోన్లన్నీ మోగాయి. ఆ మాట పంచుకున్నవాళ్లు ఎంతోమంది. ఆయన సిద్దయ్యను, కక్కయ్యను పక్కన కూర్చోబెట్టుకున్న సంగతి పంచుకున్నవాళ్లు ఎందరు? కాలజ్ఞానం నిజమా కాదా అనే వాదం మనకు వద్దు. ఆ మనిషి బతికిన తీరు మాత్రం మనం పాటించగలిగింది.

మిత్రులారా, మనం పోతామని మనకు తెలుసు. ఎప్పుడో తెలియదు. మరణానుస్సతికి ఇంత తెలిస్తే చాలు. రోజూ నిద్రపోయే ముందు ఒక్క నిమిషం కళ్లు మూసుకుని శ్వాసను గమనించండి. ఈ రోజే ఆఖరిదైతే ఎవరికి ఏ మాట బాకీ ఉన్నామో చూసుకోండి. పొద్దున లేవగానే ముందు ఆ మాట చెప్పండి. మీ ఇంట్లో గోవిందమ్మ ఉంది, మీ గడపలో సిద్దయ్య ఉన్నాడు. వాళ్లను పూలకు పంపకండి.

మీకూ మీ వారికీ మేలు కలుగుగాక.