ఆరు చుక్కల వెలుగు: లూయీ బ్రెయిలీ

సూరత్ నగరములోని గుజరాతీ బాలుడును, బ్రదుకుతెరువుకై అచటికి వెళ్ళిన తెలుగు నేతపనివాని బిడ్డయు చూపులేనివారైనయెడల, 'క' అను అక్షరమును ఒకే చుక్కలపై వ్రేళ్ళుంచి చదువుదురు. కంటికి వేరుగా తోచు లిపులను వ్రేలికి ఒకటిగా చేసినది 1951లో మనదేశము స్వీకరించిన భారతీ బ్రెయిలీ. దానికి మూలపురుషుడు లూయీ బ్రెయిలీ.

ఆయన 1809 జనవరి 4న ఫ్రాన్సుదేశమందు, పారిస్ నగరమునకు తూర్పుననున్న కూప్‌వ్రే గ్రామములో జన్మించెను. తండ్రి గుఱ్ఱపు జీనులు కుట్టువాడు. మూడేండ్ల లూయీ తండ్రి పనిశాలలో ఆడుకొనుచు, తోలునకు బెజ్జములు వేయు ఆరెతో కన్ను పొడుచుకొనెను. ఆ పుండు రెండవ కంటికిని ప్రాకి, అయిదేండ్ల ప్రాయమునకు చూపు పూర్తిగా పోయెను.

ఆ కాలమున అంధులైన పేదలకు తరచుగా భిక్షాటనమే గతియైయుండెను. ఆ తలిదండ్రులు బిడ్డను అట్లు విడువలేదు. తండ్రి చేతికఱ్ఱలు చేసియిచ్చెను. చెక్కపై అక్షరముల రూపున మేకులు దిగగొట్టి, తడిమి నేర్చుకొనుమనెను. గ్రామ దేవాలయపు గురువు పల్లూయీ అతనిని చేరదీసి పాఠములు చెప్పెను. బడిపంతులు బెషెరే చూపుగల పిల్లల నడుమ అతనికి చోటిచ్చెను. ఊరి ప్రభువు సిఫారసుచే 1819లో పదేండ్ల లూయీకి పారిస్ అంధబాలుర పాఠశాలలో ఉచితస్థానము లభించెను.

అచట ఉబ్బెత్తు అక్షరముల గ్రంథములు కొన్ని యుండెను. అవి మిక్కిలి బరువైనవి. చదువుట మందము, ఆ రీతిని చేతితో వ్రాయుట దుర్లభము. సైనికోద్యోగి బార్బియే కనిపెట్టిన పండ్రెండు చుక్కల పద్ధతిని లూయీ నేర్చి, వ్రేలికొనకు ఒక్కసారిగా అందునట్లు ఆరు చుక్కలకు తగ్గించెను. 1824 నాటికి, పదునైదేండ్ల ప్రాయమున, ఆ పని ముగించెను. 1829లో గ్రంథముగా ప్రకటించెను. పిదప అదే పాఠశాలలో ఉపాధ్యాయుడై, పారిస్ దేవాలయములలో ఆర్గన్ వాయించుచుండెను.

ప్రత్యేకలిపి అంధులను చూపుగలవారినుండి వేరుచేయునని ఉపాధ్యాయులు కొందరు భయపడిరి. అది త్రోసివేయదగిన భయము కాదు. లూయీ 1839లోనే దానికి ఉత్తరము చూపెను: సాధారణాక్షరములనే చుక్కలతో ఏర్పరచు వేరొక పద్ధతిని ప్రకటించెను. దానిచే అంధబాలుడు వ్రాసిన జాబును ఇంటనున్న తల్లి స్వయముగా చదువుకొనగలదు. అయినను 1840లో వచ్చిన క్రొత్త అధ్యక్షుడు ఆరు చుక్కల లిపిని నిషేధించెను. విద్యార్థులు దానిని రహస్యముగా వాడుచు నిలుపుకొనిరి. సహాయాధ్యక్షుడు గాడే పట్టుదలచే 1844లో, నూతన భవన ప్రారంభమున, అది బహిరంగముగా ప్రదర్శింపబడెను.

క్షయవ్యాధిచే లూయీ 1852 జనవరి 6న కన్నుమూసెను. రెండేండ్లకు, 1854లో, ఫ్రాన్సు ఆ లిపిని అంగీకరించెను.

తండ్రి బిడ్డను దాచియుంచినను, పంతులు తలుపు మూసినను, ఊరు ముఖము త్రిప్పుకొనినను ఆ మేధ కూప్‌వ్రేలోనే అణగిపోయెడిది. మన వీధిలోను అట్టి బిడ్డ యుండవచ్చును. ఆ బిడ్డ తల్లితోను, పంతులుతోను కూర్చుండి మాటలాడువారు కావలెను. ఆ బిడ్డను చూచు కన్నులు దేవుడు మనకు దయచేయునుగాక.