మోక్షగుండం విశ్వేశ్వరయ్య

మోక్షగుండం విశ్వేశ్వరయ్య (1861 సెప్టెంబరు 15 - 1962 ఏప్రిల్) ప్రముఖ భారతీయ ఇంజనీరు, మైసూరు సంస్థానపు దివాను, భారతరత్న పురస్కార గ్రహీత. 1908 నాటి మూసీ వరదలలో దెబ్బతిన్న హైదరాబాదు నగరానికి వరద రక్షణ పథకాన్ని రూపొందించిన వాడిగా తెలుగువారికి ఈయన సుపరిచితుడు. వర్షపాతం, చెరువులు, నదీ ప్రవాహాలకు సంబంధించిన గణాంకాలను సేకరించి, వాటి ఆధారంగా పథకాన్ని నిర్మించడం ఆ పనిలోని విశేషం.

బాల్యము, విద్యాభ్యాసము

విశ్వేశ్వరయ్య పూర్వీకులది నేటి ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం గ్రామం. వారి కుటుంబం మైసూరు సంస్థానానికి వలస వెళ్ళింది. ఈయన చిక్కబళ్ళాపురం సమీపంలోని ముద్దెనహళ్ళిలో జన్మించాడు. తండ్రి శ్రీనివాస శాస్త్రి సంస్కృత పండితుడు. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయిన విశ్వేశ్వరయ్య, పిల్లలకు పాఠాలు చెబుతూ చదువు కొనసాగించాడు. 1881లో బెంగుళూరు సెంట్రల్ కళాశాల నుండి బి.ఏ. పట్టా పొందాడు. అనంతరం పూణే సైన్సు కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో చేరాడు. ఖడక్‌వాస్లా జలాశయానికి ఈయన రూపొందించిన స్వయంచాలక వరద గేట్లను 1903లో అమర్చారు. 1908లో ఆ ఉద్యోగం నుండి విరమించాడు.

మూసీ వరద

1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాదు నగరాన్ని ముంచెత్తింది. సుమారు 15,000 మంది మరణించారని, 19,000 ఇళ్ళు కూలిపోయాయని అంచనా. అప్పటి నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం, అటువంటి విపత్తు మళ్ళీ జరగకుండా పథకం తయారు చేయవలసిందిగా ఐరోపా పర్యటనలో ఉన్న విశ్వేశ్వరయ్యను కోరింది. ఈయన 1909 ఏప్రిల్‌లో హైదరాబాదు చేరుకున్నాడు.

గణాంకాల సేకరణ

విశ్వేశ్వరయ్య మొదట వరదకు కారణాలను లెక్కలలో వెదికాడు. సంస్థానంలోని వర్షమాపక కేంద్రాల వివరాలను, ఇతర ప్రాంతాలలోని భారీ వర్షాల వివరాలను సేకరించాడు. వాటిలో ముఖ్యమైనవి ఇవి:

* శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళాలు (సుమారు 32.5 సెం.మీ.), 48 గంటలలో 18.9 అంగుళాలు (48 సెం.మీ.) వర్షం కురిసింది.
* నగరానికి ఎగువన మూసీ పరీవాహక ప్రాంతం 862 చదరపు మైళ్ళు. అందులో 788 చెరువులు ఉండేవి.
* వాటిలో 221 చెరువులకు గండ్లు పడ్డాయి.
* నదిలో గరిష్ఠ ప్రవాహం సెకనుకు 4,25,000 ఘనపుటడుగులు.

సగటు, మధ్యగతం, గరిష్ఠం

అంకెల సమూహాన్ని వివరించే కొలతలలో దేనిని ఎక్కడ వాడాలో తెలుసుకోవడానికి ఈ వరద మంచి ఉదాహరణ. రాశుల మొత్తాన్ని వాటి సంఖ్యతో భాగిస్తే సగటు వస్తుంది. రాశులను ఆరోహణ క్రమంలో పేర్చినప్పుడు నడుమ ఉండే విలువ మధ్యగతం. గరిష్ఠ, కనిష్ఠ విలువల భేదాన్ని వ్యాప్తి అంటారు.

హైదరాబాదు ప్రాంతపు సాలుసరి వర్షపాతం సగటున సుమారు 80 సెం.మీ. దీనిని 365తో భాగిస్తే రోజుకు రమారమి 2 మిల్లీమీటర్లు వస్తుంది. సంవత్సరంలో సగానికి పైగా రోజులు వాన పడదు కనుక రోజువారీ వర్షపాతపు మధ్యగతం సున్నా. శంషాబాదులో కురిసిన గరిష్ఠ వర్షం మాత్రం ఒక్క రోజులో 325 మిల్లీమీటర్లు. కనిష్ఠం సున్నా కావడం వలన వ్యాప్తి కూడా అంతే. సంవత్సరపు సగటులో సగానికి మించిన వాన రెండు రోజులలోనే కురిసిందన్న మాట. సాగునీటి అంచనాకు సగటు పనికివస్తుంది. వరద నుండి రక్షణకు గరిష్ఠాన్నే చూడవలసి ఉంటుంది.

చెరువుల లెక్క కూడా ఇటువంటిదే. సగటున 1.1 చదరపు మైళ్ళకు ఒక చెరువు ఉండేది. నూటికి 28 చొప్పున తెగిపోయాయి. అయితే ఇవి చాలావరకు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు తెగితే ఆ నీరంతా దిగువ చెరువు మీద పడుతుంది. ఒక గండి మరొక గండికి కారణమయ్యే ఈ వరుసను సగటు చూపదు.

పథకం

విశ్వేశ్వరయ్య 1909 అక్టోబరు 1న తన నివేదికను సమర్పించాడు. నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి జలాశయాలు నిర్మించాలని, వరద నీటిని అక్కడే ఆపి నెమ్మదిగా వదలాలని సూచించాడు. రెండింటికీ కలిపి 20 టీఎంసీలకు పైగా నిల్వ సామర్థ్యాన్ని ప్రతిపాదించాడు. నగరంలో నదికి ఇరువైపులా గట్లు ఎత్తుచేయడం, భూగర్భ మురుగునీటి పారుదల కూడా ఈయన సూచనలలో ఉన్నాయి. నిర్మించిన జలాశయాల సామర్థ్యం ప్రతిపాదించిన దానికంటే తక్కువ.

ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో గండిపేట వద్ద ఉస్మాన్ సాగర్ 1920లోను, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లోను పూర్తయ్యాయి. ఇవి నగరానికి తాగునీటిని కూడా అందించాయి. హిమాయత్ సాగర్‌కు నిజాము పెద్ద కుమారుడు హిమాయత్ అలీ ఖాన్ పేరు పెట్టారు. మూసీకి ఉత్తరాన ఉన్న హిమాయత్‌నగర్ పేరు కూడా ఆయనదే.

తరువాతి జీవితం

1909 నవంబరులో మైసూరు సంస్థానపు ముఖ్య ఇంజనీరుగా చేరిన విశ్వేశ్వరయ్య, కావేరిపై కృష్ణరాజ సాగర్ నిర్మాణానికి పూనుకున్నాడు. 1912 నుండి 1918 వరకు దివానుగా పనిచేశాడు. 1934లో ప్రచురించిన ప్లాన్డ్ ఎకానమీ ఫర్ ఇండియా గ్రంథంలో దేశాభివృద్ధికి పదేళ్ళ ప్రణాళికను ప్రతిపాదించాడు. 1955లో భారత ప్రభుత్వం ఈయనను భారతరత్నతో సత్కరించింది. ఈయన జన్మదినమైన సెప్టెంబరు 15ను భారతదేశంలో ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటారు. హైదరాబాదులోని ఖైరతాబాదు కూడలిలో ఈయన విగ్రహం ఉంది.