గ్రేస్ హాపరు

అమెరికా దేశమున న్యూయార్కు నగరమందు 1906వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన గ్రేస్ ముర్రే జన్మించెను. ఏడేండ్ల ప్రాయమున ఆమెకు అలారము గడియారము ఎట్లు పనిచేయునో తెలిసికొనవలెనను కోరిక పుట్టెను. ఇంటనున్న గడియారము నొకదానిని విప్పెను. మరల బిగించుట చేతకాలేదు. దాని అమరిక తెలియుటకై రెండవదానిని విప్పెను. ఈ విధముగ ఏడు గడియారములు ముక్కలయ్యెను. తల్లి చూచి, ఇకమీదట ఒక్క గడియారముతోనే తృప్తిపడవలెనని కట్టడి చేసెను. పూర్తిగా మాన్పింపక ఒకటి విడిచిపెట్టిన ఆ తల్లి వివేకము మెచ్చదగినది.

గ్రేస్ వాసర్ కళాశాలలో గణితశాస్త్రము చదివి, అచటనే అధ్యాపకురాలై, 1934లో యేల్ విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టమందెను. వివాహముతో హాపరు అను ఇంటిపేరు వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున నౌకాదళమున చేరగోరగా, ఆమె వయస్సు నియమమునకు మించియు, శరీరపు బరువు నియమమునకు తగ్గియు నుండెను. అయినను పట్టువిడువక, ప్రత్యేకానుమతి పొంది 1943లో చేరెను.

మరుసటి యేడు ఆమెను హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పంపిరి. అచట హోవర్డు ఐకెన్ అను ఆచార్యుని పర్యవేక్షణమున మార్క్ 1 అను గణనయంత్రము పనిచేయుచుండెను. అది 51 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు గలది. దానికీయవలసిన ఆజ్ఞలను కాగితపు పట్టీపై రంధ్రములుగా పొడిచెడివారు. ఒక్క రంధ్రము చోటు తప్పిన యెడల లెక్కయంతయు చెడును. నౌకాదళమువారు ఫలితములకై ఎదురుచూచుచుందురు. యంత్రము రేయింబవళ్లు నడువవలెను. తప్పు ఆజ్ఞలయందున్నదా, పొడిచిన పట్టీయందున్నదా, లేక యంత్రమునందే యున్నదా? అది తేలువరకు ఫలితమును నమ్మరాదు. ఆ యంత్రమును గూర్చి తెలిసిన విషయములతో హాపరు వ్రాసిన 500 పుటలకు మించిన గ్రంథము 1946లో వెలువడెను.

1947 సెప్టెంబరు 9న మార్క్ 2 అను మరియొక యంత్రము సరిగా నడువలేదు. వెదకగా, ఎఫ్ పలకలోని 70వ రిలేయందు ఒక రెక్కల పురుగు చిక్కుకొని యుండెను. రిలే యనగా విద్యుత్తు దారిని తెరచుచు మూయుచునుండు మీటవంటిది. పనివారు పురుగును తీసి, దినచర్య పుస్తకమున అతికించి, నిజమైన పురుగు దొరకుట ఇదే మొదలని వ్రాసిరి. యంత్రములోని లోపమును పురుగనుట అంతకు పూర్వమే కలదు. ఎడిసన్ కాలమునకే ఆ మాట వాడుకలో నుండెను. పురుగును పట్టినది హాపరు కాదు. ఆమె ఆ కథను పలుచోట్ల చెప్పుటచే లోకులు ఆమెకే అంటగట్టిరి.

ఆమె నిజమైన ఘనత వేరొకటి. 1949లో ఫిలడెల్ఫియాలోని ఎకర్ట్-మాక్లీ సంస్థలో చేరెను. అచట యూనివాక్ అను కంప్యూటరు సిద్ధమగుచుండెను. ఒకసారి సరిగా పనిచేసిన ఆజ్ఞల వరుసలను నోటుపుస్తకములలో దాచుకొని, కావలసినపుడు చేతితో ఎత్తివ్రాసికొనుట ఆనాటి పద్ధతి. ఎత్తివ్రాయుటలో బి అను అక్షరము 13గా మారెడిది; ఖాళీని సూచించు త్రికోణపు గుర్తు 4 అయ్యెడిది. వరుస చోటు మారినపుడెల్ల అందలి స్థానసంఖ్యలను కూడి సరిదిద్దవలసి వచ్చెడిది. ఆ కూడికలును తప్పుచుండెను. మూలమున దోషము లేదు, ప్రతిలోనే యున్నది. ఇట్టి తప్పులను ఎన్నాళ్లు వెదకుట? ఎత్తివ్రాయుటయు కూడుటయు యంత్రమునకే అప్పగింప దలచి, హాపరు 1952 నాటికి ఏ-0 అను కంపైలరును నడిపించెను. కావలసిన వరుస యొక్క సంఖ్య నిచ్చిన చాలును. యంత్రమే దానిని టేపునుండి వెదకి తెచ్చి, స్థానసంఖ్యలు సరిచేసి, ఒక్క ప్రోగ్రాముగా కూర్చెడిది. పలువురు నమ్మలేదు. కంప్యూటరు లెక్కలు చేయును గాని ప్రోగ్రాములు వ్రాయజాలదని వారి వాదము.

విద్యార్థులారా, నేటి పనివారికిని ఇట్టి చిక్కులు తప్పలేదు. ప్రోగ్రాము భాగములను కూర్చుటకు 1976లో పుట్టిన మేక్ అను సాధనము కలదు. అందు ఆజ్ఞల పంక్తులకు ముందు ట్యాబ్ మీట నొక్కవలెను. బదులుగా ఖాళీలు వేసినచో కంటికి భేదము కనబడదు. యంత్రము మాత్రము అంగీకరింపదు. దానిపై కోపగించి ప్రయోజనము లేదు.

తరువాత హాపరు ఇంగ్లీషు మాటలతోనే ఆజ్ఞలీయదగు ఫ్లో-మాటిక్ భాషను రూపొందించెను. 1959లో ఆరంభమైన కోబాల్ భాషకు అది ముఖ్యాధారమయ్యెను. నౌకాదళము 1966లో ఆమెకు విశ్రాంతినిచ్చి, మరుసటి యేడే తిరిగి పిలిపించెను. 1986లో రియర్ అడ్మిరల్ పదవినుండి విరమించునాటికి ఆమెకు 79 ఏండ్లు. ఉపన్యాసములకు పోవునపుడు అడుగుకంటె కొంచెము తక్కువ పొడవుగల తీగముక్కలను పంచిపెట్టెడిది. సెకనులో నూరుకోట్లవ వంతు కాలమున వెలుగు పోగల దూరమది.

1992 జనవరి 1న ఆమె మరణించెను. పురుగును అతికించిన ఆ దినచర్య పుస్తకము స్మిత్‌సోనియన్ సంస్థవారి అమెరికా చరిత్ర ప్రదర్శనశాలకు చేరినది.